శాక్సోఫోన్ సరే, వెనకాల ఉన్నవాళ్ళ మాటేమిటి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. ఒడిశాలోని గోపాలపురం బీచి దగ్గర ఒక హోటల్ లాన్‌లో కోల్‌కతా నుంచి వచ్చిన అయిదుగురు జాజ్ కచేరీ చేశారు కదా, శాక్సోఫోన్, ట్రంపెట్, కీబోర్డు, డబుల్ బేస్ (నిలబెట్టి మీటే పెద్ద తీగల వాయిద్యం), డ్రమ్స్, దాని గురించి బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి దగ్గర్నుంచి అటు గుణుపురం, రాయగడ, జయపురం దాకా రాశారు. వెళ్ళినవాళ్ళు రాశారు, వాళ్ళు ఫోన్లో తీసిన వీడియోలు చూసినవాళ్ళూ రాశారు. నేను కూడా ఆ సాయంత్రం అక్కడే ఉన్నాను, చివరి నుంచి రెండో వరసలో. అందుకని వీణ మెట్లు, శ్రుతిపెట్టె రిపేరు లాంటి మామూలు ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి జరిపేసి, ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. మరీ పొడుగ్గా ఉన్న ఉత్తరాలు కత్తిరించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఊహ తెలిసినప్పటి నుంచీ కర్ణాటక సంగీతం వింటున్నాను, రామనవమి పందిళ్ళ కచేరీలు, రేడియో, తర్వాత క్యాసెట్లు. జాజ్ అంటే పెద్ద హోటళ్ళలో భోజనాల దగ్గర వినిపించే మ్యూజిక్ అనుకునేవాణ్ణి. మా అబ్బాయి బలవంతం మీద వచ్చాను. రెండో పాటలో ఆ శాక్సోఫోన్ కుర్రాడు అందుకున్నది విన్నాక ఇంటికొచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదంటే నమ్మండి. ఆ గమకాలు, ఆ ఊపిరి, ఆ వేగం! అదంతా ముందే రాసుకుని బట్టీ పట్టిందా, అప్పటికప్పుడు పుట్టిందా? అప్పటికప్పుడే అయితే మిగతా నలుగురూ ఎలా కలిశారు?
— రిటైర్డ్ టీచరు, బరంపురం

జవాబు: మాస్టారూ, రెండూ ఉన్నాయి. వాళ్ళు మొదట అందరూ కలిసి వాయించిన పాట ఉంది చూశారా, దాన్ని హెడ్ అంటారు, అది మాత్రం ముందే తయారైంది. అలాంటి పాటలు చాలా మటుకు 32 బార్లలో ఉంటాయి. ఎనిమిదేసి బార్ల ముక్కలు నాలుగు: మొదటి ముక్క, మళ్ళీ అదే, తర్వాత వేరే రంగున్న ముక్క ఒకటి, చివర మళ్ళీ మొదటిది. బార్‌కి నాలుగు దెబ్బలు. మన లెక్కలో 128 అక్షరాలు, అంటే ఆదితాళం పదహారు ఆవర్తాలు. హెడ్ అయిపోగానే పాట ఆగిపోయి సోలో మొదలైనట్టు మనకి అనిపిస్తుంది గానీ, పాట ఆగదు, ఆ పదహారు ఆవర్తాలే కింద మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి, పైన ఒకాయన తనకి తోచింది వాయిస్తుంటాడు. ఒక చుట్టు చాలకపోతే ఇంకో చుట్టు తీసుకుంటాడు. అందరూ లోపల లెక్క పెట్టుకుంటూనే ఉంటారు, అందుకే ఎంత దూరం వెళ్ళినా చివర హెడ్ దగ్గర అందరూ ఒక్కసారే దిగుతారు. పల్లవికి నెరవు చేసి, స్వరం వేసి మళ్ళీ ఎత్తుగడకి వచ్చే పద్ధతి ఎరిగిన మీకు ఇది కొత్తేమీ కాదు.

తేడా ఒకచోట ఉంది, అది చిన్నదేం కాదు. మనకి తంబూరా మోగుతూ ఉంటుంది, షడ్జం కదలదు, రాగం ఒకటే, ఆ రాగంలో ఎంత లోతుకైనా వెళ్ళొచ్చు. వాళ్ళకి కింద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు, ఒకటి రెండు బార్లకోసారి మారిపోతుంటాయి, ఇప్పుడు హాయిగా ఉన్న స్వరమే రెండు క్షణాల తర్వాత అపస్వరం కావచ్చు. కదిలే బస్సులో నిలబడి, ఒలక్కుండా కాఫీ తాగినట్టు అన్నమాట. ఆయన ఇంట్లో ఏళ్ళ తరబడి సాధన చేసేది ఈ మలుపులన్నీ చేతికీ చెవికీ పట్టించుకోవడానికి. ఆ రోజు ఏ మలుపులో ఏ స్వరం పట్టుకుంటాడో మాత్రం ఆయనకి కూడా ముందు తెలియదు.

ఇక మీ ఉత్తరంతో నాకో పేచీ ఉంది. ఉత్తరం మొత్తం శాక్సోఫోన్ ఆయన గురించే రాశారు. మీరే కాదు లెండి, వచ్చినవన్నీ దాదాపు అంతే. అసలు మిగతావాళ్ళు ఎలా కలిశారని అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఆ పొడుగాటి డబుల్ బేస్ ఆయన దెబ్బకో స్వరం చొప్పున మీటుతూ నడిచాడు, బార్‌కి నాలుగు, చుట్టుకి 128, ఒక్కటి తప్పినా పైనున్నవాళ్ళకి దారి తెలియదు. ఇప్పుడు ఏ కార్డ్ మీద ఉన్నాం, తర్వాతది ఎటు, ఇదంతా చెబుతున్నది ఆయన. డ్రమ్స్ ఆయన కుడిచేత్తో పెద్ద సింబల్ (పళ్ళెం లాంటి ఇత్తడి తాళం) మీద నడక పట్టుకుని, ఎడమ కాలితో రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చిన్న సింబల్స్ మూసి, మిగిలిన ఎడమ చేత్తో సోలో ఆయనకి జవాబులిస్తూ కూచున్నాడు. కీబోర్డు ఆయన శాక్సోఫోన్ ఊపిరి తీసుకునే సందులు వెతుక్కుని, అక్కడ మాత్రమే కార్డ్ వేశాడు.

మీరు మెచ్చుకున్న ఆ రెండో పాటలోనే ఒకటి జరిగింది, గుర్తు తెచ్చుకోండి. శాక్సోఫోన్ ఆయన మూడు స్వరాల చిన్న ముక్క ఒకటి పట్టుకుని పదేపదే అన్నాడు, ప్రతిసారీ అది వేరే దెబ్బ మీద పడేలా. రెండోసారికే డ్రమ్స్ ఆయన ముందున్న చిన్న డ్రమ్ము, స్నేర్ అంటారు, దాని మీద అదే లెక్క తిరిగిచ్చాడు. మూడోసారికి కీబోర్డు ఆయన ఆ ముక్కని కింది స్థాయిలో అందుకున్నాడు. బేస్ ఆయన మాత్రం ఏమీ తొణక్కుండా నడుస్తూనే ఉన్నాడు, ఆయన కూడా ఆ ఆటలో దిగితే అందరూ లెక్క తప్పేవారు. శాక్సోఫోన్ ఆయనకి నవ్వొచ్చింది, ఊదే చోట ఉండే రీడ్ (పలుచటి బద్ద) నోట్లో ఉండగా నవ్వలేక కళ్ళతోనే నవ్వాడు. మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ నాలుగైదు చుట్లే అయితే, అది ఒక్కడి పని అనుకోవడం అన్యాయం. మృదంగం బాగా కుదిరిన రోజున గాత్రం కూడా గొప్పగా ఉందనిపిస్తుందని మీ తరం వాళ్ళకి నేను చెప్పాలా!

ప్రశ్న: సోలో మధ్యలో అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపేశారు, "పాట అవ్వకుండా ఏటా చప్పట్లు, పరువు పోతుంది" అని. ఇంటికొచ్చాక కూడా అదే వాదన. ఎవరిది రైటు?
— గృహిణి, ఛత్రపురం

జవాబు: మీదే అమ్మా. జాజ్‌లో ఒకరి సోలో పూర్తి కాగానే చప్పట్లు కొట్టడం మర్యాదే, పాట చివరిదాకా ఆగక్కర్లేదు. మన కచేరీల్లో మాత్రం ఆలాపన కాగానే కొట్టరా ఏమిటి? మీవారు బహుశా వెస్ట్రన్ క్లాసికల్ పద్ధతి విని ఉంటారు, అక్కడ ఒక కృతిలో భాగానికీ భాగానికీ మధ్య కొట్టకూడదంటారు, ఆ రూలు ఇక్కడికి పట్టుకొచ్చారు. ఒక్క మాట మాత్రం ఇద్దరికీ. బేస్ సోలో మొదలవగానే డ్రమ్స్ బాగా తగ్గిపోతాయి, సరిగ్గా అప్పుడే లాన్ అంతా కబుర్లు మొదలయ్యాయి, సమోసాల వాడిని పిలిచిన వాళ్ళూ ఉన్నారు. చప్పట్ల సంగతి ఎలా ఉన్నా ఆ కాసేపు మాట్లాడకుండా ఉంటే చాలు.

ప్రశ్న: మూడో పాటలో కరెంటు పోయింది కదా. అయినా ఆపలేదు, ఇంకా బాగా వాయించారు. మా ఫ్రెండ్స్ అది ముందే ప్లాన్ చేసుకున్న స్టంట్ అంటున్నారు. నిజమేనా? ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు.
— ఇంజనీరింగ్ విద్యార్థి, గుణుపురం

జవాబు: స్టంట్ కోసం జనరేటర్ వాడి చేత తిట్లు తినేవాళ్ళు ఎవరుంటారు బాబూ! వేదిక వెనకాల ఆ అబ్బాయి పడ్డ హైరానా మా వరస దాకా వినిపించింది. వీడియోలో చీకటే కనిపిస్తుంది కాబట్టి ఏం జరిగిందో నేను చెబుతాను, నాకు ఆ సాయంత్రం మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది ఈ ముక్కే.

కరెంటు పోగానే మైకులు పోయాయి, కీబోర్డు పోయింది, బేస్‌కి పెట్టిన యాంప్లిఫయర్ పోయింది. కీబోర్డు పోవడమంటే కార్డ్స్ పోవడం. బేస్ చెక్క పెట్టె కాబట్టి దానంతటది మోగుతుంది, కానీ ఆరుబయట, సముద్రపు గాలిలో ఎంత దూరం వినిపిస్తుంది? డ్రమ్స్ ఆయన ఒక్క బార్ కూడా వదలకుండా, కుడిచేత్తో సింబల్ నడిపిస్తూనే ఎడమ చేత్తో కర్ర కింద పెట్టి బ్రష్ తీశాడు, తర్వాత రెండో చెయ్యి కూడా మార్చాడు. తీగల కుచ్చులాంటి ఆ బ్రష్షులు స్నేర్ మీద గుండ్రంగా రాస్తే సన్నగా సరసరమని వస్తుంది, అంతే. ఎందుకు మార్చాడంటే బేస్ వినపడాలని. బేస్ ఆయన డ్రమ్స్ పక్కకి ఇంకో అడుగు జరిగాడు. శాక్సోఫోన్ ఆయన అప్పటిదాకా వేగంగా పరిగెడుతున్నవాడు తగ్గిపోయి, ఒక్కో కార్డ్‌లోని స్వరాలని విడివిడిగా వరసగా వాయించడం మొదలుపెట్టాడు, కీబోర్డు లేని లోటు తెలియకుండా పాట ఎక్కడ మలుపు తిరుగుతోందో మన చెవికి అందేలా. పని లేకుండా కూచున్న కీబోర్డు ఆయన రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ చిటికెలేశాడు. ట్రంపెట్‌కి మైకు అక్కర్లేదు, ఊదితే లాన్ అంతా వినిపిస్తుంది, అయినా ఆయన ఊదలేదు! తాను ఊదితే బేస్ మునిగిపోతుందని ఆగాడు. ఆ ఊదకపోవడానికి నేనైతే పెద్ద మార్కులేస్తాను.

కరెంటు వచ్చాక కూడా పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోలేదు. ఆ చుట్టు పూర్తి చేసి, తర్వాతి చుట్టు మొదటి దెబ్బకి కీబోర్డు, ట్రంపెట్ కలిశాయి. వీడియో ఇంకోసారి చూసేటప్పుడు అక్కడ లెక్క పెట్టి చూడు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి, మా నాన్నగారి నుంచీ బ్యాండు మేళం. నేను క్లారినెట్. డీజేలు వచ్చాక ఊరేగింపులకి పిలుపులు తగ్గాయి. మా బావమరిది తీసుకెళ్తే గోపాలపురం వచ్చాను. అంత గొప్పగా ఊదేవాణ్ణి దగ్గర్నుంచి చూడ్డం అదే మొదలు, కళ్ళంట నీళ్ళొచ్చేశాయండి. శాక్సోఫోన్ నాకు ఈ వయసులో వస్తుందా? ఆ సంగీతంలో క్లారినెట్‌కి చోటుందా?
— బ్యాండు మేళం పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: చోటుందా అంటే, మొదట్లో ముందు వరసే మీది మాస్టారూ. జాజ్ పుట్టింది అమెరికాలో న్యూ ఆర్లీన్స్ అనే రేవు పట్నంలో. అక్కడి తొలి బ్యాండ్లలో ముందు నిలబడేవి కార్నెట్ లేదా ట్రంపెట్, ట్రాంబోన్, క్లారినెట్. పాట ట్రంపెట్ చెబుతుంటే, పై స్థాయిలో దాని చుట్టూ అల్లుకుంటూ పోయేది క్లారినెట్ పని. శాక్సోఫోన్ రాజ్యం తర్వాత వచ్చింది. సిడ్నీ బెషే అనే ఆయన క్లారినెట్‌తో మొదలుపెట్టి సొప్రానో శాక్సోఫోన్ కూడా పట్టాడు. బెన్నీ గుడ్‌మన్ క్లారినెట్ పట్టుకునే 1938 జనవరిలో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో కచేరీ చేశాడు, జాజ్‌కి అంత పెద్ద మర్యాద జరగడం చాలామంది చరిత్రలో పెద్ద మలుపుగా చెబుతారు. ఆయన తెల్లవాడు, నల్లవాళ్ళని పక్కన కూచోబెట్టుకుని వాయించడమే తప్పుగా చూసే రోజుల్లో టెడ్డీ విల్సన్, లయొనెల్ హ్యాంప్టన్‌లతో కలిసి వేదిక ఎక్కాడు.

ఇంకో సంగతి వింటే మీకు సంతోషంగా ఉంటుంది. న్యూ ఆర్లీన్స్ బ్యాండ్లు కూడా వీధిలో నడుస్తూ వాయించేవే. మనిషి పోతే శ్మశానం దాకా నెమ్మదిగా, విషాదంగా వాయిస్తూ వెళ్ళి, తిరిగి వచ్చేటప్పుడు హుషారైన పాటలు ఎత్తుకుంటారు, వెనకాల జనం డాన్సు చేస్తూ వస్తారు. ఆ ఆచారం ఇప్పటికీ ఉంది. ఎదురుగా లారీ వస్తే పక్కకి తప్పుకుంటూ, పెళ్ళికొడుకు స్నేహితులు మీద పడుతున్నా తాళం వదలని మీకు, ఆ పని ఎంత కష్టమో నేను చెప్పేదేముంది.

శాక్సోఫోన్ విషయానికొస్తే, వస్తుంది. అది బెల్జియంవాడైన అడాల్ఫ్ శాక్స్ చేసిన వాయిద్యం, 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఒళ్ళంతా ఇత్తడే అయినా మీ క్లారినెట్ లాగే ఒంటి రీడ్ మీద పలుకుతుంది, అందుకే దాన్ని ట్రంపెట్ జాతిలో కలపరు. మీ వేళ్ళకి అలవాటైన పట్లు చాలా వరకు పనికొస్తాయి. ఒక్క చోట తికమక పడతారు. క్లారినెట్‌లో వెనకాల బొటనవేలి మీట నొక్కితే స్వరం పన్నెండో మెట్టుకి దూకుతుంది, అంటే స నుంచి పై స్థాయి ప. శాక్సోఫోన్‌లో అదే మీట స నుంచి పై సకే వెళుతుంది, ఒక విధంగా సులువు. పెదవి మాత్రం క్లారినెట్ అంత బిగించకూడదు, బిగిస్తే గొంతు సన్నబడి కీచుమంటుంది. మీది మామూలు బీ ఫ్లాట్ క్లారినెట్ అయితే టెనార్ శాక్సోఫోన్ తీసుకోండి, అదీ బీ ఫ్లాటే, స్థాయి కింద ఉంటుంది, మీకు తెలిసిన పాటలు అవే స్వరాల పేర్లతో వచ్చేస్తాయి. సెకండ్ హ్యాండ్‌ది కొనేటప్పుడు ప్యాడ్స్ గాలి వదులుతున్నాయేమో చూసుకోండి, అన్ని రంధ్రాలూ మూసి అట్టడుగు స్వరం నెమ్మదిగా ఊదితే తెలిసిపోతుంది.

వయసంటారా, ఊపిరి ఉంది, తాళం ఉంది. మంగళూరు దగ్గరి కద్రి గోపాలనాథ్ గారు నాదస్వరం కుటుంబంలో పుట్టి, మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ చూసి మనసు పారేసుకుని, దాని మీద కర్ణాటక సంగీతమే పలికించారు. మీరు జాజే వాయించాలని రూలేం లేదు.

ప్రశ్న: ఉన్న సంగీతం చాలదా? త్యాగరాజు, క్షేత్రయ్య పుట్టిన భాష మనది. డబ్బున్నవాళ్ళ హోటల్లో తెల్లవాళ్ళ సంగీతానికి మనవాళ్ళు తలలూపడం చూస్తే సిగ్గేసింది. మీ పత్రిక కూడా దాన్ని మోయడమేమిటి?
— పాఠకుడు, రాయగడ

జవాబు: కోపం తగ్గించుకుని వినండి. తెల్లవాళ్ళ సంగీతం అన్నారు చూశారా, అక్కడే తేడా వచ్చింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా జనానికి న్యూ ఆర్లీన్స్‌లో ఆదివారం పూట కాంగో స్క్వేర్ అనే మైదానంలో చేరి డోళ్ళు వాయించుకుని ఆడుకునే వీలుండేది. చర్చి పాటలు, పొలం పనుల్లో పాడుకున్న పాటలు, బ్లూస్ అనే నల్లవాళ్ళ బాధల పాటలు, బ్యాండు మేళాలు, అన్నీ కలిసి 20వ శతాబ్దం మొదట్లో ఈ సంగీతం అయింది. చేసింది నల్లవాళ్ళు, ఎక్కువ మంది పేదవాళ్ళు. 1917లో మొదటి జాజ్ రికార్డు మాత్రం తెల్లవాళ్ళ బ్యాండు పేరున వచ్చింది, మీ కోపం ఏదైనా మిగిలితే దాని మీద చూపించండి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ చిన్నప్పుడు బొగ్గు బండి వెంట తిరిగి డబ్బులు సంపాదించినవాడు.

హోటల్ మాట నిజమే, టికెట్టు ధర నాకూ నచ్చలేదు. మన దేశంలోకి జాజ్ వచ్చింది కూడా హోటళ్ళ దారినే. 1930లలో బొంబాయి తాజ్‌లో అమెరికా నల్లజాతి కళాకారులు వాయించారు. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే పియానో ఆయన బొంబాయిలో, తర్వాత కలకత్తా గ్రాండ్ హోటల్లో వాయించి, 1945లో కలకత్తాలోనే కలరాతో పోయాడు. వాళ్ళ దగ్గర చెవి పట్టిన గోవా వాళ్ళు ఎందరో హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో చేరారు, కాబట్టి మీ నాన్నగారు కూనిరాగం తీసిన పాత పాటల్లో కూడా ఇది ఎప్పుడో కలిసే ఉంటుంది. డ్యూక్ ఎలింగ్టన్ తన ఆర్కెస్ట్రాతో 1963లో మన దేశం వచ్చాడు. 1978లో బొంబాయిలో జాజ్ యాత్ర పేరుతో ఉత్సవాలే మొదలయ్యాయి.

త్యాగరాజుకి వచ్చిన నష్టమూ ఏమీ లేదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ అదే త్యాగరాజ కీర్తనలు వాయించి, అదే చేతులతో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల పక్కన కూచుని 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించాడు. ఆయన మనవాడు కాకపోతే ఇంకెవరు మనవాడు? 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు, ఆ దిగులు నాకింకా ఉంది. ఇటు నుంచి అటూ వెళ్ళింది. జాన్ కోల్ట్రేన్ అనే శాక్సోఫోన్ మహానుభావుడు మన సంగీతం మీద ఇష్టంతో 1965లో పుట్టిన కొడుక్కి రవిశంకర్ పేరు పెట్టుకున్నాడు. ఆ రవి కోల్ట్రేన్ కూడా శాక్సోఫోనే వాయిస్తాడు.

ప్రశ్న: మాది పట్టు మగ్గాల ఇల్లు. మా ఊరి ఠాకురాణి యాత్రలో బాఘనాచకి, అదే పులివేషాల ఆటకి, డోలు మోగిందంటే నా కాలు ఆగదు. అక్కడ మాత్రం అందరూ ఊగుతున్నారు, నాకు కాలు ఎక్కడ వెయ్యాలో తెలీలేదు. బావుందనే అనిపించింది. నాలోనే ఏదైనా లోపమా?
— డిగ్రీ విద్యార్థిని, బరంపురం

జవాబు: లోపం ఏమీ లేదమ్మా, నువ్వు ఒకటో దెబ్బ మీద కాలు వేయబోయావు, అంతే. మనం తాళం ఎత్తుగడ మీద బరువు వేస్తాం. వాళ్ళు ఒకటి, మూడు వదిలేసి రెండు, నాలుగు మీద చిటికె వేస్తారు. ఇంట్లో పెట్టుకుని ప్రయత్నించు, మొదట చెయ్యి తడబడుతుంది. రెండోది, దెబ్బని రెండు సమానమైన ముక్కలు చేయరు. తకిట అని మూడుగా అనుకుని, మొదటి రెండూ కలిపి సాగదీసి, మూడో అక్షరం మీద తేలిగ్గా పలికితే ఆ ఊపు దగ్గరగా వస్తుంది. స్వింగ్ అంటే మోటుగా ఇదే. వేగం పెరిగేకొద్దీ ఆ సాగదీత తగ్గుతుంది, అదంతా పెద్ద సింబల్ మీద వినిపిస్తుంటుంది. డోలు తెలిసిన చెవి నీది, ఒక్క పాటకే పట్టేస్తుంది.

ప్రశ్న: ఆ రోజు చూసినప్పటి నుంచి మా పాప డ్రమ్స్ కావాలని ఒకటే గొడవ. మేముండేది రైల్వే క్వార్టర్స్‌లో, గోడకి గోడ. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: రబ్బరు ప్రాక్టీసు ప్యాడ్ ఒకటి, కర్రలు ఒక జత కొనివ్వండి. ఏడాది పాటు అది చాలు. ఏడాది తర్వాత కూడా గొడవ చేస్తే అప్పుడు ఆలోచిద్దాం, పక్కింటివాళ్ళతో ఈలోపు సఖ్యంగా ఉండండి.

ప్రశ్న: మా ఊళ్ళో ఇలాంటివి జరగవు. వీడియోలు చూసి పిచ్చెక్కిపోయాను. ఎవరెవర్ని వినాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?
— చిన్న వ్యాపారి, జయపురం

జవాబు: ఫోన్లో అన్నీ దొరుకుతాయి కాబట్టి పేర్లు చెబుతాను, వరస మీ ఇష్టం. హాయిగా మొదలుపెట్టాలంటే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ట్రంపెట్టూ గొంతూ రెండూ వినొచ్చు. పెద్ద బృందం కావాలంటే డ్యూక్ ఎలింగ్టన్. రాగం అలవాటున్న చెవికి మైల్స్ డేవిస్ 1959లో చేసినవి దగ్గరగా అనిపిస్తాయి, అక్కడ కార్డ్స్ అంత త్వరగా మారవు, ఒక్కో స్వరాల వరస మీద చాలాసేపు నిలబడతారు. కోల్ట్రేన్‌ని రెండో నెలలో పెట్టుకోండి, మొదటి రోజే వింటే బెదిరిపోతారు.

నేను అసలు వినమనేది మాత్రం పియానో ఆయన బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం. అందులో బేస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. పియానోకి పక్కవాద్యం వాయిస్తున్నట్టుండదు, ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకుంటున్నట్టుంటుంది. లఫారో 1961లో కారు ప్రమాదంలో పోయాడు, పాతికేళ్ళే. ఒకే పాట మూడుసార్లు వినండి, ఒకసారి పియానోని, ఒకసారి బేస్‌ని, ఒకసారి డ్రమ్స్‌ని. ఫోన్ స్పీకర్‌లో బేస్ వినపడదు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి, లేకపోతే నా సలహా అంతా దండగ.

ప్రశ్న: శాక్సోఫోన్ గారి మీద నేనో పద్యం రాశాను, సీసం. ఆయనకి ఎలా చేర్చాలి?
— పాఠకుడు, ఛత్రపురం

జవాబు: పద్యం అందింది, బాగుంది, రెండో పాదంలో యతి ఒకసారి చూసుకోండి. నిర్వాహకులతో మాట్లాడాను, మీరంతా రాసినవి ఒక కట్టగా పంపిస్తే కోల్‌కతా చేరుస్తామన్నారు. ఇప్పటికి ఆ కట్టలో శాక్సోఫోన్ ఆయనకి బోలెడు, ట్రంపెట్ ఆయనకి కొన్ని, డ్రమ్స్ ఆయనకి ఒక చిన్నపిల్ల గీసిన బొమ్మ ఉన్నాయి. బేస్ ఆయనకి ఒక్కటీ లేదు. ఎవరైనా రాస్తే నెలాఖరులోగా పంపండి, నాలుగు లైన్లు చాలు. తెలుగులో రాసినా ఫర్వాలేదు, చదివి చెప్పేవాళ్ళు కోల్‌కతాలో దొరుకుతారు.